ఏడో బిందె

మా కెమిస్ట్రీ మేడమ్ పోయింది. గురువారం పొద్దున పెనుకొండలో మా వీధి కొళాయి కింద బిందె పెట్టుకొని నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. హిందూపురం నుంచి మేడమ్ కోడలు. "అక్కా, అత్తమ్మ తెల్లారేసరికి లేదు. నిద్దర్లోనే పోయింది" అనింది. నేను ఏం మాట్లాడినానో నాకు గుర్తు లేదు. బిందె నిండి, పొర్లి, నీళ్లు కాలవలోకి పోతానే ఉన్నాయి. వెనకున్న ఆయమ్మ "నీళ్లు పాడు చేస్తాండావు కదమ్మా" అని కొళాయి తనే కట్టేసింది. అన్ని నీళ్లు పోనిచ్చినందుకు మేడమ్ ఉంటే నన్ను వారం దినాలు సతాయించేది.

వచ్చింది, అనింది అని రాస్తాండానని ఎవరూ తప్పు పట్టొద్దండి. మా పక్క అమ్మను ఎట్ల అంటామో మేడమ్‌నూ అట్లే అంటాం. గారు తగిలిస్తే ఎవరో వేరే మనిషిని గురించి రాసినట్లుంటాది నాకు.

మేడమ్ వాళ్లది హిందూపురంలో పాత అంగడి కుటుంబం. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. మా నాయనది అదే ఊర్లో మార్కెట్లో ఎండుచేపల అంగడి. ఈ రెండిళ్లకూ సంబంధం ఏంది అంటే రొయ్య పొట్టు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను కడాకు, గోడ పక్క బెంచీలో కూర్చునేదాన్ని. పొద్దున్నే నాయనకు సాయంగా మూటలు విప్పి కాలేజీకి పోయేదాన్ని కదా, ఎంత సీకాయ పెట్టి తలకు పోసుకున్నా, ఎన్ని మల్లెపూలు పెట్టుకున్నా ఆ వాసన పోయేది కాదు. పోయిందేమో కూడా, నాకు పోయినట్లు ఉండేది కాదు. పక్కన కూర్చున్న పిల్లలు మొదటి వారంలోనే ఒకరి తర్వాత ఒకరు ముందు బెంచీలకు జరిగిపోయినారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అనింటే తిట్టి అయినా ఉందును.

ఒక సాయంత్రం మేడమ్ మా అంగడి ముందుకొచ్చి నిలబడింది. కొంగు ముక్కుకు పెట్టుకోలేదు, అది నాకు బాగా గుర్తు. నేను మూటల వెనక్కు నక్కినా.

"ఏమప్పా, నాకు రొయ్యలొద్దు. పొట్టు కావాల" అనింది.

"పొట్టు యాడన్నా అమ్ముతారా అమ్మా? అది కోళ్లకేసేది" అన్నాడు మా నాయన.

"ఆ కోళ్లకేసేదే నాకియ్యి." అని, మూటల వైపు తిరిగి, "దాంకుంటే కనపడవా పాపా? రేపు ఆ సంచి నువ్వే ల్యాబ్‌కు తీసుకొని రా" అనింది.

ఆ సంచి మోసుకొని గేటు నుంచి ల్యాబ్ దాకా నడిచిన నడక పగవాళ్లకు కూడా వద్దు. ల్యాబ్‌లో మేడమ్ సంచి విప్పి, పిడికెడు పొట్టు తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. గుడ్డు తినని మనిషి. "మంచి సరుకు" అనింది. నేను తలెత్తి చూసింది ఆ మాటకే.

ఆ పొట్టులో కైటిన్ అని ఒక పదార్థం ఉంటాది. దాన్ని బయటికి తీయాలంటే ముందు పొట్టును పల్చటి యాసిడ్‌లో వెయ్యాల. బుసబుస పొంగి సున్నమంతా పోతాది. తర్వాత కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెడితే అంటుకున్న కండ పోతాది. మిగిలిన దాన్ని మళ్ళా చిక్కటి కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్ అయితాది. పుండ్లకు వేసే కట్లల్లో, మందుల్లో, నీళ్లు శుద్ధి చేసేదాంట్లో వాడతారు దాన్ని. ఇదంతా పుస్తకంలో ఉండేదే. పుస్తకంలో లేనిది మేడమ్ ఒకటి చెప్పింది. "కంపు పొట్టుది కాదు పాపా. దాన్ని అంటుకొని మిగిలిపోయిన దానిది."

పది దినాలకు తెల్లటి పొరలు పొరలుగా తయారైంది. మేడమ్ అరచేతిలో పోసి నా ముక్కు దగ్గర పెట్టింది. ఏ వాసనా లేదు. మా నాయన అంగట్లో కోళ్లకేసే పొట్టు అది. నాకు ఏడుపు ఆగలేదు. మేడమ్ పరీక్షనాళికలు కడుక్కుంటా నిలబడింది, నా ఏడుపు అయిపోయేదాకా.

అన్నిటికన్నా పెద్ద పని కడగడం. కాస్టిక్ పూర్తిగా పోవాలంటే ఏడు తూర్లు కడగాల, ఒక్కో తూరికి ఒక్కో బిందె. కడాకు ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలంగా మారకూడదు. హిందూపురంలో అన్ని నీళ్లు యాడివి? కొళాయి ఎనిమిది దినాలకో పది దినాలకో వచ్చే కాలం. అందుకని మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఏడో తూరి కడిగిన నీళ్లు దాదాపు మంచివే కాబట్టి వాటిని పారబోయకుండా ఎత్తిపెట్టి, మర్నాడు కొత్త పొట్టుకు మొదటి తూరి వాడేది. కడాకు మాత్రం కొత్త నీళ్లే. బిందెల మీద సుద్దతో నంబర్లు రాసేది. నీళ్ల దగ్గర మేడమ్‌ది అచ్చం అంగడి బుద్ధి అని ల్యాబ్ అటెండరు నవ్వేవాడు.

ఎండబెట్టిన సముద్రపు పాచి కూడా తెప్పించేది, రామేశ్వరం పక్క నుంచి. దాన్ని ఉడకబెట్టి పాత వాయిల్ చీరలో వడగడితే చైనా గ్రాస్, జెల్లీ గడ్డకట్టేకి వేసేది, వస్తాది. శుద్ధి కావాలంటే గడ్డకట్టించి కరిగించాల. ల్యాబ్‌లో ఫ్రిజ్ లేదు. మేడమ్ పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో, పాల ప్యాకెట్ల పక్కన పెట్టించింది. ఆ ఇంటామె అది ఏందో తెలీక జున్ననుకొని ఒక ముక్క నోట్లో వేసుకుందంట. "పాపం, సముద్రం తినేసింది" అని మేడమ్ ఎన్నేండ్లయినా చెప్పి చెప్పి నవ్వేది.

సముద్రంలో పుట్టినవాటితో అన్నేండ్లు పని చేసింది గానీ మేడమ్ ఆశంతా ధర్మవరం మీద ఉండేది. ఆడ పట్టు నూలుకు రంగు వేసే షెడ్ల నుంచి ఎర్రవి, నీలివి నీళ్లు కాలవల్లో పోతాయి. కైటోసాన్‌ను వెనిగర్ కలిపిన నీళ్లలో కరిగించి ఆ రంగు నీళ్లలో పోస్తే, అది రంగును పట్టుకొని అడుగుకు దిగిపోతాది. పైన నీళ్లు తేట పడతాయి. ఆ నీళ్లతోనే మళ్ళా రంగు వేసుకోవచ్చు. మూడేండ్లు ల్యాబ్‌లో చేసి చూసి, షెడ్ల వాళ్లను ఒప్పించింది. వాళ్లలో ఒక పెద్దాయన "అమ్మా, ట్యాంకర్లు కొని కొని సచ్చిపోతాండాం. ఒక్క తూరి మా కళ్ల ముందర చేసి చూపిస్తే నాలుగు షెడ్లకూ తొట్లు కట్టిస్తాం" అన్నాడు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి, మేడమ్ దగ్గరే ల్యాబ్‌లో పని చేస్తాండా. మేడమ్‌కు రిటైర్మెంటు ఇంకొక సంవత్సరమే ఉండాది.

ఇప్పుడు చెప్పబోయేది తొమ్మిదేండ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ధర్మవరం పోవడానికి ముందు దినం. మేడమ్ మీటింగు ఉండి, కడిగే పని నాకు అప్పజెప్పి పోయింది. ఐదు బిందెలతో నీళ్లు అయిపోయినాయి. కాగితం ముంచితే లేత నీలం తిరిగింది. రెండు ఖాళీ బిందెలు తీసుకొని వీధిలో ట్యాంకరు దగ్గరికి పోయి వరసలో పెట్టినా. ముందున్న ఒకామె తన బిందె దూరంగా జరుపుకొని, "ఆ రొయ్య బిందెలు మా వాటి పక్కన పెట్టొద్దు పాపా" అనింది. గట్టిగా కూడా అనలేదు. ఇంకొకామె నవ్వింది. ఖాళీ బిందెలు తీసుకొని వెనక్కి వచ్చేసినా. కాగితం చెత్తబుట్టలో వేసి, నోటుబుక్కులో ఎన్ని తూర్లు కడిగింది అన్నచోట 7 అని రాసినా. ఆ బిందెల్లో వాసన ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు.

మర్నాడు ధర్మవరం షెడ్డులో పదిమంది చుట్టూ నిలబడినారు. బకెట్ నిండా ఎర్ర రంగు నీళ్లు. మేడమ్ వెనిగర్ నీళ్లలో కైటోసాన్ వేసి కలిపింది. కరగలేదు. ఉండలు ఉండలుగా గంజి మాదిరి అయింది. కాస్టిక్ మిగిలింటే వెనిగర్‌ను అదే మింగేస్తాది, ఇంక కరిగేదెట్ల? మేడమ్ గిన్నెలోకి చూసి, ఒక్క తూరి నా వైపు చూసింది. నేను నేలను చూసినా.

అయినా పోసింది. "తేరుకోనీండి. నీళ్లు తేరుకోవాలంటే కదపగూడదు" అనింది. గంటసేపు చూసినారు. నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఎవడో "తేరుకుండేది యాడ మేడమ్, కుంకుమ నీళ్లే కదా ఇవి" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు. మాకు టీ తెప్పించినాడు. నవ్వింటేనే బాగుండు.

"ఈ తూరి నా లెక్క తప్పింది. ఇంకో తూరి వస్తాం" అని మేడమ్ చెప్పింది. "దానికేముంది, రాండి" అన్నాడాయన. మళ్ళా ఎప్పుడూ పిలవలేదు. మేడమే రెండు తూర్లు ఫోన్ చేస్తే, సీజన్ అయిపోనీండి అన్నారు. ఆ రంగు నీళ్లు కొన్ని ఊరగాయ సీసాలో పోసుకొని వచ్చింది మేడమ్.

తిరుగు రైల్లో చిత్రాన్నం డబ్బా విప్పి సగం నాకు పెట్టింది. "తిను పాపా, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు" అనింది. పెనుకొండలో రైలు రెండు నిమిషాలు నిలబడింది. చెప్పేద్దామని నోరు తెరిచినా. రైలు కదిలింది. మరుసటి సంవత్సరం మేడమ్ రిటైరైంది. ల్యాబ్‌లో ఆ పని కూడా అంతటితో ఆగిపోయింది.

నాకు పెనుకొండలో టీచర్ ఉద్యోగం వచ్చింది. మేడమ్ ఇంటికి పోయి వస్తా ఉండేదాన్ని, కానీ పోనుపోను తగ్గించినా. ముఖం చెల్లేది కాదు. ఒక తూరి మాత్రం ధైర్యం తెచ్చుకొని "మేడమ్, ఆ ధర్మవరం పోయిన పొద్దు..." అని మొదలుపెట్టినా. "ఆ పొద్దు చిత్రాన్నంలో ఉప్పు ఎక్కువైంది కదా?" అనింది, నా ముఖంలోకి చూస్తా. నేను నవ్వి, లేదు మేడమ్, బాగుండింది అన్నా. అంతే. అట్ల చూసి ఆయమ్మ అడిగింది ఉప్పు గురించేనని అప్పుడు నేననుకున్నా.

పదకొండో దినం కార్యానికి పోయినా. భోజనాలైనంక మేడమ్ కోడలు నన్ను లోపలికి పిలిచింది. మేడమ్ గదిలో కిటికీలో ఒక ఊరగాయ సీసా ఉండాది. అడుగున వేలెడు మందం ఎర్రటి ముద్ద. దాని పైన నీళ్లు, ఉన్నాయా లేవా అన్నంత తేటగా.

"ఇదేందో మాకు తెలీదక్కా. తొమ్మిదేండ్లుగా ఈడే ఉండాది. దుమ్ము తుడిచేకి కూడా కదపనిచ్చేది కాదు అత్తమ్మ."

సీసాకు అతికించిన కాగితం మీద మేడమ్ చేతిరాత. ధర్మవరం నీళ్లు. దాని కింద: 5 + 2.

నేను మంచం మీద కూర్చున్నా. ధర్మవరం నుంచి రాగానే మేడమ్ మిగిలిన కైటోసాన్‌ను మళ్ళా కడిగి చూసింటాది. ఒక తూరి కడిగింటే కాగితం ఇంకా నీలం తిరిగింటాది. రెండో తూరికి తిరిగిండదు. అప్పుడు కరిగించి, ఆ సీసాలో పోసింటాది. నీళ్లు తేరుకున్నాయి. మేడమ్ లెక్క ఎప్పుడూ తప్పలేదు. నేను ఎన్ని తూర్లు కడిగినానో, ఎన్ని కడగలేదో ఆ దినమే తెలుసు ఆమెకు.

కోడలికి అంతా చెప్పేసినా. ట్యాంకరు, బిందెలు, నోటుబుక్కులో రాసిన 7, అన్నీ. ఆ పిల్ల అంతా విని సీసా వైపు చూసింది. తర్వాత మెల్లగా అనింది. "ఎవరిదత్తమ్మా ఈ సీసా అని నేనొక తూరి అడిగినా అక్కా. 'మా పాపది. వచ్చి అడిగితే ఇస్తా' అనింది."

నేను అడగలేదు. తొమ్మిదేండ్లు, ఆ గదిలోనే, ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చొని టీ తాగిపోయినా.

సీసాను బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చినా, రెండు చేతులా పట్టుకొని. సోమందేపల్లి దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరేసరికి అడుగున ఉన్నదంతా లేచింది. నీళ్లు మళ్ళా ఎర్రగా అయిపోయినాయి. పక్క సీట్లో ఆమె "ఏంది పాపా, ఊరగాయా?" అని అడిగింది. నేను ఏడుస్తా సీసాను ఇంకా గట్టిగా పట్టుకున్నా.

ఇప్పుడా సీసా పెనుకొండలో మా వంటింటి కిటికీలో ఉండాది. మూడో దినానికి తేరుకుంది. నేనింకా లేదు.

ఈ పొద్దు కొళాయి వచ్చింది. రెండు బిందెలు కొత్త నీళ్లు పట్టి, సుద్దతో ఒకదాని మీద 6, ఒకదాని మీద 7 అని రాసి, ఆ కిటికీ కింద పెట్టినా. వాటితో కడిగేదానికి నా దగ్గర ఏమీ లేదు.