గడప దగ్గర ఒంటి చెప్పు

మొన్న క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, వనపర్తిలో మా పక్కింటి అమ్మాయికి గిన్నె తిరిగి ఇద్దామని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ అమ్మాయి భర్త ఫౌజులో ఉంటాడు, అప్పుడు అతనితో వీడియో కాల్ నడుస్తోంది. ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి పెట్టుకుంది, కిటికీకి కట్టిన కాగితం నక్షత్రమూ, రంగు బల్బులూ, తన నవ్వు ముఖమూ అతనికి కనబడేలాగా. నెల కింద బాత్రూంలో జారిపడి మంచం పట్టిన అత్తగారు మాత్రం కనబడకుండా. అమ్మ ఏదని అతను అడిగినట్టున్నాడు, నిద్రపోతోందని చెప్పింది. ఫోను పెట్టేసిన కాసేపటికే వాళ్ళ చర్చి పిల్లలు కేకు పట్టుకొచ్చి, ఫౌజు ఇల్లు కదా అని, ఏమైనా సాయం కావాలా అక్కా అని అడిగితే, ఏం వద్దని నవ్వుతూనే పంపేసింది. ఆ నవ్వూ ఆ మాటా నాకు బాగా తెలుసు. గద్వాలలో, పదో తరగతి చదవవలసిన ఏడు, మా ఇంటి గడపలో నిలబడి అచ్చం అలాగే నేనూ అన్నాను.

మాది నేత ఇల్లు. గద్వాల చీర కట్టని ఆడవాళ్ళు నా ఈడువారిలో ఉండరుగానీ, అది నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలన్న సంగతి చాలామందికి తెలియదు. చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ వరస వరసకూ ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పట్టుదారం చుట్టిన నాడెను అందిస్తూ ఉండాలి. మా ఇంట్లో నాయన కాళ్ళు గుంటలో పెట్టి చెక్కలు తొక్కుతూ నేస్తే, పక్కన కూర్చునేది మా అన్న. అన్నకు ఫౌజులో ఉద్యోగం వచ్చి బయలుదేరుతూ, నేను పోయేది నువ్వు చదువుకోవడానికే అని నాతో చెప్పాడు. తను లేచిన చోట ఎవరో ఒకరు కూర్చోవాలన్న సంగతి పాపం ఆ ఉత్సాహంలో ఆయనకు తట్టలేదు. అమ్మకు అప్పటికే చూపు మందగించింది, వీధిలో ఎవరి మగ్గానికి వాళ్ళే చాలడం లేదు. దసరా సెలవుల్లో నాలుగు రోజులని కూర్చున్నదాన్ని బడి తెరిచినా లేవలేదు. లెమ్మని ఎవరూ అనలేదు, లేస్తానని నేనూ అనలేదు.

అక్కడ కూర్చుని ఉంటే బడి గంట వినిపించేది. మూడో గంట లెక్కలు, నాలుగోది సాంఘికం, ఇప్పుడు నా పక్క పిల్ల లేచి నిలబడి పాఠం చదువుతూ ఉంటుంది, అని అనుకుంటూ నాడె అందించేదాన్ని. ముడుచుకున్న కాళ్ళు తిమ్మిరెక్కి నావి కావన్నట్టు ఉండేవి. అన్న మీద కోపం, నాయన మీద కోపం, ఆ చీర కట్టబోయే మొహమెరగని మహాతల్లి మీద మరీ కోపం. కానీ నాయన వీపు చూస్తే ఆ కోపం కూడా పూర్తిగా తెచ్చుకోలేకపోయేదాన్ని, అదొక నరకం.

పైగా ఉత్తరాలు. ఫౌజులో ఉన్నవాడికి చెడ్డ కబురు రాయకూడదన్నది మా వైపు కట్టడి, వినీ చేసేదేం లేక అక్కడ కుమిలిపోతాడని. నాయనకు చదువు రాదు కాబట్టి రాసేది నేనే. అందరం క్షేమమని ఆయన చెప్పేవాడు, మిగతాది నేను నింపేదాన్ని. అన్న ప్రతి ఉత్తరంలోనూ నా చదువు గురించే అడిగేవాడు. ఊరి పేరులేని ఆ ఫౌజు చిరునామాకు, రోజూ బడికి పోతున్నానని చక్కటి దస్తూరితో నేను రాస్తూ పోయాను. అన్నకు నిజం తెలిసే దారి ఒక్కటుంటే, దాన్ని నా చేత్తోనే మూసేశాను.

మా వీధి చివర చర్చి వాళ్ళకు ఒక అలవాటుండేది. క్రిస్మస్ ముందు వారం, ఏ మతమైనా సరే, మనిషి ఫౌజులో ఉన్న ఇంటికల్లా వచ్చి, ఒక పాట పాడి, కేకూ దుప్పటీ ఇచ్చి, జవానుకు పంపడానికి మన చేత ఒక కార్డు రాయించుకుని వెళ్ళేవారు. ఆ ఏడు మా ఇంటికీ వచ్చి, ఏమైనా కావాలా అని అడిగితే నాయన చేతులు జోడించి ఏం వద్దన్నాడు, నేనూ అదే అన్నాను. కార్డు రాసి ఇచ్చాను. వాళ్ళతో చంకకర్రల మీద వచ్చే ఒక పాత ఫౌజీ ఉండేవాడు, సరిహద్దులో మోకాలి కింద కాలు పోగొట్టుకున్న మనిషి, పిల్లలందరికీ ఫౌజీ పెద్దనాయన. ఆయన ఆ కార్డు చూసి మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

“గిది జర మీ నాయినకు సదివి వినిపియ్యి, బిడ్డ.”

తప్పించుకునే వీలు లేక చదివాను, రోజూ బడికి పోతున్నాననీ, మార్చిలో పరీక్ష రాస్తాననీ. నాయన నా ముఖం కేసి చూశాడు. బడి ఊసు నేను ఎత్తకపోయేసరికి నాకే చదువు మీద మనసు పోయిందని ఆయన అనుకున్నాడట, ఆ సంగతి ఆ తర్వాత అమ్మ చెబితే తెలిసింది.

“రోజు గీ తొవ్వలనే పోత, తమ్మీ” అన్నాడు ఫౌజీ పెద్దనాయన. “బడి టైంల మీ మగ్గం మోగుతనే ఉంటది. జోడు లేకుంట మోగదు గద. పిలగాడు ఫౌజుల ఉన్నడు, పిల్లల తల్లికి కండ్లు మంచిగ లెవ్వు. ఇంకెవ్వలు కూసుంటున్నట్టు?”

తాను ఫౌజులో ఉండగా ఇంటి నుంచి అన్నీ క్షేమం ఉత్తరాలే వచ్చాయనీ, తల్లి పోయిన కబురు ఆరునెలలకు గానీ తెలియలేదనీ, అప్పటినుంచీ ఏ ఉత్తరం నమ్మాలో తెలియకుండా పోయిందనీ ఆయన ఎవరినీ నిందించకుండా చెప్పాడు. చెప్పి, ఆ పక్క చోట కూర్చోవడానికి ఏం కావాలని అడిగాడు. చేతులుంటే చాలని నాయన మెల్లగా అన్నాడు.

“నాకు పోయింది కాలు, తమ్మీ. చేతులు గాదు.”

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా గడప దగ్గర ఒంటి చెప్పు ఉంది. మా వీధిలో మావాళ్ళు కానివారు మగ్గం మీద కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ చెప్పును చూసుకుంటూ పోయినవాళ్ళు నాయనను నాలుగు మాటలన్నారు కూడా. నాయన వినీ విననట్టు చెక్కలు తొక్కుతూనే ఉన్నాడు. ఆయనకు అసలు కష్టం మరోచోట ఉంది: తుపాకి పట్టిన ఆ మొద్దు వేళ్ళు మొదటి పదిహేను రోజులు అంచును తినేశాయి, నేసిందెంతో విప్పిందీ అంతే. అయినా నాయన ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఏడాదికొకటి చొప్పున తనకు క్రిస్మస్ దుప్పట్లు ఏడు జమయ్యాయనీ, పొద్దున లేచి పోయే జాగా మాత్రం ఒక్కటీ లేకపోయిందనీ పెద్దనాయన నవ్వుతూ అంటుంటే, రోజంతా వీధులు తిరిగే మనిషికీ నాలాగే ఊపిరాడలేదా అని నేను ఆశ్చర్యపోయాను.

నేను మళ్ళీ బడికి పోయి పరీక్ష రాశాను, గట్టెక్కాను, తర్వాత పెబ్బేరు దగ్గర బళ్ళో టీచరునై రిటైరయ్యాను. పరీక్షలైన ఆ వేసవిలో అన్న సెలవు మీద వచ్చి, గడపలో ఒంటి చెప్పు చూసి ఎవరిదని అడిగినప్పుడు, దాచడం చేతగాక అంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన కుడికాలి మేజోడు విప్పి చూపించాడు. మంచుకు రెండు వేళ్ళు పోయాయి. ఇక్కడ చలి ఏమంత లేదని ఆయన రాసిన ఉత్తరాలు అప్పటికింకా గూట్లోనే ఉన్నాయి. చూపు ఆనని అమ్మ ఆ పాదాన్ని చేత్తో తడిమి చూసుకుని ఏడ్చింది. ఆమె అలా ఏడవడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఫౌజీ పెద్దనాయన ఇప్పుడు లేడు. మొన్న పక్కింటి గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆయన ఉంటే ఏం చేసేవాడో అది చేశాను. ఏం కావాలని అడగకుండా, కుర్చీ జరుపుకుని ఆ పెద్దామె మంచం పక్కన కూర్చున్నాను. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల, అత్తగారిని వదిలి వెళ్ళలేక నెలరోజులుగా దవాఖానకు పోనేలేదని అప్పుడు తెలిసింది. పోయి చూపించుకుని రమ్మన్నాను. అవసరం లేదాంటీ అంటూనే చెప్పులు వేసుకుని, గేటు దాటేదాకా వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళింది.

ఇప్పుడు ఉత్తరం కోసం నెల్లాళ్ళు ఎదురుచూసే పని లేదు, మనుషుల ముఖాలే అరచేతిలో కనిపిస్తున్నాయి. కానీ ఆ రోజుల్లో మేము ఎంత దాచినా, వీధిలో పోయే మనిషికి మా మగ్గం మా సంగతి చెప్పేసేది. ఇప్పుడు తలుపులు మూసి ఉంటాయి, లోపలిది ఏదీ బయటికి వినిపించదు. గోడకు ఈ పక్క నెల రోజులు నేను హాయిగా టీవీ చూసుకుంటూ కూర్చున్నాను. ఆ గిన్నె ఇచ్చే పని పడకపోతే నాకూ తెలిసేది కాదు.