తంతి స్తంభం గాజు బుడ్డి వయసు

మా అల్లుడుగారు విజయవాడలో ఉద్యోగం చేస్తారు. సెలవు దొరికితే పాత తంతి స్తంభాల మీది గాజు బుడ్లు ఏరుకొస్తారు. వెనకటి టెలిగ్రాఫ్ తీగలు స్తంభానికి తగలకుండా వాటికి చుట్టేవారట. ఇన్సులేటర్ అనాలట. ఇప్పుడవి షోకేసులో ఉన్నాయి, మా అమ్మాయి వెండి కుందులు అటకెక్కాయి.

మొన్న అమ్మాయితో మంగళగిరిలో మా ఇంటికొచ్చి, మగ్గం దగ్గర ఆగిపోయారు. పడుగు, అంటే నిలువు దారాలు, బిగువుగా ఉండడానికి తాడు చివర బరువు కడతాం. మా అత్తగారి నాటి నుంచి ఆ బరువు ఒక గాజు బుడ్డే. నడుముకి గాడి ఉంది కనక తాడు జారదు, మూతి పైకి తిరిగి వేలాడుతుంది.

"అత్తయ్యగారూ, ఇదేంటో తెలుసాండీ?"

"బరువండీ."

ఆయన భూతద్దం తీశారు. జేబులో దువ్వెన ఉండదు గానీ అది ఉంటుంది.

"సముద్రపు రంగు, లోపల బుడగలు, పక్కన అచ్చు అతుకు. పాతదేనండీ. అసలు గుర్తు లోపలుంటుంది. తర్వాత వచ్చినవాటికి కొయ్యమేకుకి బిగించేందుకు మరలుంటాయి. మొదటి కాలం వాటికి ఉండవు, నున్నగా ఉంటాయి." వేలు దూర్చి తిప్పారు. "నున్నగా ఉందండీ." మనవరాలు పుట్టినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

ఫొటో తీసి, బుడ్లు ఏరేవాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టేశారు. ఆదివారం విజయవాడలో వాళ్ళ ప్రదర్శన, అందులో పెట్టడానికి బుడ్డి కావాలన్నారు.

"చీర కోసేదాకా ఆగండి. మధ్యలో బరువు మారిస్తే నేత పాడవుతుంది" అన్నాను.

"ఇచ్చెయ్యమ్మా. ఇసక సంచి కట్టుకోరాదూ? అందరికీ చెప్పేసుకున్నారు పాపం" అంది అమ్మాయి.

అమ్మాయి కోసం విప్పాను. ఇసక సంచి కట్టి జానెడు నేసేసరికి అంచు వంకర తిరిగింది. నేసిందంతా ఊడదీసి మళ్ళీ నెయ్యాలి. బుడ్డి వెళ్ళిపోతే ఈ చీర నేను నేసిందని చెప్పుకోలేను.

అయినా మా ఇంటి వస్తువు మురికితో గడప దాటదు. గోరువెచ్చటి నీళ్ళలో నానేశాను. అల్లుడుగారు బకెట్ పక్కనే కుర్చీ వేసుకున్నారు.

"మెల్లగా అండీ, చాలా పాత గాజు."

"పాత చేతులేలెండి ఇవీ."

భోజనాలయ్యాక చూస్తే నీళ్ళు కుడితిలా ఉన్నాయి. మగ్గం మీద పడుగుకి గంజి పూసినప్పుడల్లా చుక్కలు ఆ మూతిలో పడి, ఎండి, పొర మీద పొర పేరుకున్నట్టుంది. కొబ్బరి పీచుతో తోమాను. గంజంతా పెచ్చులుగా ఊడొచ్చింది. లోపల, సీసా మూతకి ఉన్నట్టే, చుట్టూ మరలు.

తుడిచి చేతికిచ్చాను. ఆయన వేలు దూర్చారు. తీశారు. మళ్ళీ దూర్చారు.

"మరలున్నాయండీ" అన్నారు నీరసంగా.

"ఉంటే కొత్తదని మీరే చెప్పారు కదండీ."

"మరీ కొత్తది కాదనుకోండి..."

"పోనీ, గంజి మళ్ళీ పోసి ఎండబెట్టమంటారా? ఆదివారానికి వయసు వచ్చేస్తుంది."

అమ్మాయి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"వద్దులెండి అత్తయ్యగారూ, మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారాయన, ఏదో దానం చేస్తున్నట్టు. తీసుకెళ్ళి తాడుకి కట్టేశాను. పడుగు బిగిసింది. వంకర పోయిన జానెడూ ఊడదీసి మళ్ళీ నేశాను. సాయంత్రానికి అంచు దారిలోకొచ్చింది.

గుంపులో పెట్టిన ఫొటో మాత్రం ఇంకా తియ్యలేదట. అందరూ మెచ్చుకుంటున్నారట.