నడిమి అంకె

1946లో నన్ను చిత్తూరు సబ్‌స్టేషన్‌కు సూపర్వైజరుగా వేశారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దూరంగా ఉన్న రెండు విద్యుత్ కేంద్రాల లైన్లు మా దగ్గర కలిసేవి. రెండు చోట్లా యంత్రాలు ఒకే లయలో తిరగాలి. లైను పొడుగై, లోడు ఎక్కువైతే, ఒకే కాడి కింద ఎద్దుల్లా ఒకసారి ఇది, ఒకసారి అది ముందుకు లాగుతాయి. అప్పుడు మా బోర్డు మీద మీటరు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. మామూలుగా కాసేపటికి సర్దుకుంటుంది. సర్దుకోక ఊపు పెరుగుతూ పోతే యంత్రాలకే ముప్పు. ఇప్పుడు దాన్ని అణచడానికి పరికరాలున్నాయి. అప్పుడు మాకున్నది ఒక టెలిఫోను, బోర్డు ముందు కూర్చున్న మనిషి.

ఆ మనిషి మునిరత్నం, ఐరాల వాడు. కూలీగా చేరి, నాలుగేళ్లుగా బోర్డు చూస్తున్నాడు. అరగంటకోసారి లాగ్‌బుక్కులో రీడింగు రాయాలి. గడిలో ఒక్క అంకెకే చోటు.

"ముల్లు నిలవడం ల్యా సార్, ఏం రాసేది?" అని ఒకరోజు అడిగాడు.

"ఊగితే నడిమి అంకె రాయప్పా. రెండంకెలు రాస్తే పైవాళ్లు మన మీద పడతారు" అన్నాను. నాకూ అలాగే నేర్పారు.

ఆ వేసవిలో పది రోజులుగా మధ్యాహ్నప్పూట ఊపు కనిపిస్తూనే ఉంది. నేను కళ్లారా చూశాను. పైకి మాత్రం రాయలేదు. పదకొండో రోజు నేను స్తంభాల తనిఖీకి పోయి ఉండగా ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకోవడం మొదలుపెట్టిందట. లైను విడదీయాలంటే కంట్రోలు ఇంజనీరు అనుమతి కావాలి. మునిరత్నం మూడుసార్లు ఫోను చేశాడు, దొరకలేదు. ఇక ఆగక బ్రేకరు, అంటే లైనును విడదీసే పెద్ద స్విచ్చి, తనే తెరిచేశాడు. మిగిలిన ఒక్క లైను ఊరి లోడును మోయలేక అదీ పడిపోయింది. కలెక్టరు కచేరీతో సహా చిత్తూరంతా గంటసేపు కరెంటు లేదు.

వారం తిరక్కుండా మద్రాసు నుంచి పెద్ద ఇంజనీరు విచారణకు వచ్చారు. లాగ్‌బుక్కు తిరగేశారు. అన్ని మధ్యాహ్నాలూ దాదాపు ఒకే అంకె. ఊపు ఎక్కడుందని మునిరత్నాన్ని అడిగారు.

"నడిమి అంకె రాసినాను దొరా. సారే అట్ల రాయమనినారు, అడగండి" అన్నాడు.

ఆయన నా వైపు తిరిగారు. రీడింగు స్పష్టంగా రాయమన్నానని చెప్పాను. అబద్ధమని ఎవరూ పట్టుకోలేని మాట, సిగ్గుమాలిన మాట.

అనుమతి లేకుండా, కారణం లేకుండా బ్రేకరు తెరిచాడని మునిరత్నాన్ని పనిలోంచి తీసేశారు. తాళాలు అప్పజెప్పడానికి వచ్చినప్పుడు అతను గొంతు పెంచలేదు.

"నేను తెరవకుంటే మిషిన్లు పొయ్యుండేవి. అది మీకు తెల్సు. ఒక మాట సెప్పింటే మీకేం పొయ్యేది సార్?" అన్నాడు.

ఏం పోయేదో బాగా తెలుసు కాబట్టే చెప్పలేదు. మరుసటి నెలలో నా ఉద్యోగం ఖాయమైంది.

లాగ్‌బుక్కు రాసినవాణ్ణి కాపాడదు, రాయించినవాణ్ణి కాపాడుతుంది. ఆ విచారణలో నేను నేర్చుకున్నది అదే. తర్వాత పనిచేసిన ప్రతి స్టేషన్లోనూ ముల్లు ఊగితే రెండు చివరల అంకెలూ రాయించాను. మంచి పద్ధతని పైవాళ్లు మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నావని ఒకరిద్దరు అడిగితే అనుభవం అన్నాను. మునిరత్నం పేరు అప్పుడూ చెప్పలేదు.