బల్ల ముందు వదిలిన పుంజు

ఆ రోజుల్లో నేను వాక్యం చెబితే లాలాపేట్ రేకుల చర్చిలో మూడు వందల మంది కళ్లు తుడుచుకునేవాళ్లని మా ఇంట్లో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. మూడు వందలు పట్టే చర్చి కాదది. నలభై మంది కూర్చుంటే ఆలస్యంగా వచ్చినవాళ్లు చెప్పుల దగ్గర నిలబడాలి. ఏడ్చింది కూడా ఒక్క చంటిపిల్ల. దాన్ని చీమ కుట్టింది.

అరవైల చివర సంగతి. క్యాంపస్‌లో ఎమ్మే చదువుతూ తార్నాకలో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆ చర్చికి వచ్చేవాళ్లలో ఎమ్మే చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని పాస్టరుగారు పల్లెలకు వెళ్లిన ఆదివారాల్లో వాక్యం నా మీద పడేది. బైబిల్లో ఏ కథ ఇచ్చినా దాన్ని లాక్కొచ్చి మన గడపలో నిలబెట్టగలనని నాకు గొప్ప నమ్మకం. పక్షవాతం వచ్చినవాణ్ణి ఇంటికప్పు విప్పి లోపలికి దించిన కథ చెప్పి, బస్సు కిటికీలోంచి దూరి సీటు పట్టేవాణ్ణి మనం ఎందుకు క్షమించాలో వివరించాను. తార్నాక బస్సులో అలా దూరేవాణ్ణి నేనే.

ఒక ఆదివారం కానుక గురించి చెప్పాను. కానుక పట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చాక, తోబుట్టువుకు మన మీద కోపం ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రావాలన్న మాట. వారం రోజులు ఉపవాసం ఉండి సిద్ధపడ్డానని తర్వాత ఒకరితో అన్నాను. సిద్ధపడింది చర్చికి నడిచి వచ్చే దారిలో. ఉపవాసం మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. ఆ వారం నేను తినే హాస్టల్ మెస్సులో చారు తప్ప ఏమీ పెట్టలేదు.

మరుసటి ఆదివారం కోతల పండుగ. పల్లెల్లో అయితే కొత్త వడ్లు తెస్తారు. మా చర్చికి వచ్చేవాళ్లకు పొలాలు లేవు. అయినా పండుగ మానలేదు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు తెచ్చి వాక్యం చెప్పే బల్ల ముందు పెట్టేవాళ్లు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద వాటిని అక్కడే వేలం వేసేవాడు. ఈ సంగతి నా గదిలో ఉండే స్నేహితుడికి తెలిసింది. కోస్తా కుర్రాడు, కెమిస్ట్రీ చదివేవాడు, వంట బాగా చేసేవాడు.

“ఏవోయ్ బోధకుడా, మీ పండక్కి కోళ్లు కూడా వస్తాయటగా. ఒకటి పట్టుకురా. మసాలా నూరి ఉంచుతాను” అన్నాడు.

నేను చర్చి చేరేసరికి పెద్దమ్మ గుమ్మంలో ఉంది. పెద్దమ్మంటే క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్లో ఊడ్చే ఆవిడ. చంకలో ఎర్ర పుంజు. దాని కాళ్లు కట్టి బల్ల ముందు పెట్టి, నన్ను పక్కకు పిలిచింది.

“సారూ, నువ్వు చెప్పిన మాటకు వారం సంది నాకు నిద్ర లేదు. సీతాఫల్‌మండిల మా చెల్లె ఉన్నది. నాలుగేండ్లాయె మాకు మాటల్లేక. అమ్మ పోయినప్పుడు దానికి కబురు జెప్పుమని ఒకనికి చెప్పి ఊకున్న. వాడు చెప్పలే. అది వచ్చేసరికి మట్టి అయిపోయింది. అమ్మ మొఖం సూడలే. నేనే పోయి చెప్పాల్సింది. పోలే.”

“ఆరాధన అయినంక పో పెద్దమ్మా.”

“వదిలిపెట్టి ముందు పొమ్మని నువ్వే చెప్పినవ్ గద. ఈ పుంజు అమ్మ పేరు మీద సాదిన. చెల్లెను తోలుకొస్త, ఇద్దరం చేతులు పెట్టి ఇస్తం. అంతదాంక నువ్వు జర చూస్కో. వేలానికి పోనియ్యకు.”

“నువ్వు పో. నేనున్న గద.”

ఎన్నో ఏళ్లుగా ఎంతో మంది విని ఊరుకున్న మాటను అక్షరాలా చేసి చూపిన మనిషి నా కళ్లముందు నడిచి వెళ్తుంటే, సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇది మాత్రం నిజం. కాసేపే నిలబడ్డాను.

ఆరాధన అయింది. గుమ్మడికాయలు పోయాయి, గుడ్లు పోయాయి. పెద్దమ్మ రాలేదు. సంఘపెద్ద పుంజును ఎత్తి పట్టాడు. నేను లేచి, ఆగండి, దీనికి యజమానులు వస్తున్నారు అనాలి. లేచాను కూడా. అప్పుడే రైల్వేలో పనిచేసే ఒకాయన వేలం పాట మొదలుపెట్టాడు. దానికి పైన పాడాను. పరాయి చేతుల్లో పడకుండా కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అంత చక్కటి వాదన వాక్యం చెప్పేటప్పుడు ఎన్నడూ తట్టలేదు. నిజం చెబితే, నా ముక్కులో అప్పటికే మసాలా ఉంది.

పుంజును గుడ్డసంచిలో వేసుకుని వెనక సందులోంచి తార్నాక వైపు నడిచాను. సందు దాటి రోడ్డెక్కగానే ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు. పెద్దమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని అదే ముక్కు, అదే నడకతో ఇంకొకామె.

“అయిపోయిందా సారూ? ఇది మా చెల్లె. నా పుంజు పైలమే గద?”

“పుంజా? నేను సూడలే పెద్దమ్మా. వెనుక కూసున్న.”

ఈ కథ చెప్పినప్పుడల్లా మూడుసార్లు బొంకానని చెబుతుంటాను. మూడు అయితే బైబిలు కథలా ఉంటుందని. కోడి కూసేలోగా ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి వరసలో నిలబడటం కొంత గౌరవం కదా. బొంకింది ఒక్కసారే. అదే చాలింది.

చెల్లెలు చెయ్యి విడిపించుకుంది.

“సూడలేదట. అమ్మ పేరు చెప్పి ఇంత దూరం నడిపించినవ్. అప్పుడు కబురు పంపిన్నన్నవ్. ఇప్పుడు పుంజు పెట్టిన్నంటున్నవ్. నేను పోత అక్కా” అని వెనక్కి తిరిగింది.

పెద్దమ్మ ఆమెను ఆపలేదు. నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. నాలుగేళ్ల తర్వాత కలిసిన చెయ్యి నా ఒక్క మాటతో వదిలిపోయిందని నాకు తెలుసు. తెలిసీ సంచి మూతి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు పుంజు కూసిందని, నేను వెక్కి వెక్కి ఏడుస్తూ సంచి తెరిచానని సాక్ష్యం చెప్పిన రోజులున్నాయి. అది కూయలేదు. గొంతులో ఏదో గొణిగింది. సంచి తెరిచింది కూడా నేను కాదు. ఆ గొణుగుడికి చెల్లెలు వెనక్కి చూసి, రెండడుగుల్లో వచ్చి సంచి మూతి లాగింది. ఎర్ర తల బయటికి వచ్చింది.

“గిదేంది?”

“వేలంల పాడుకున్న” అన్నాను.

“పాడుకునుడేంది? నిన్ను కాపలా పెట్టిపోతి” అంది పెద్దమ్మ.

“అక్కా, అప్పుడు కబురు జెప్పుమని పంపినోడు గూడ గిట్లాంటోడేనా?”

“గిట్లాంటోడే. గాడు ఎమ్మే చదవలే, అంతే.”

చెల్లెలికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆపైన ఇద్దరూ కలిసి నన్ను అందుకున్నారు. లాలాపేట్ రోడ్డు మీద, దుకాణాల వాళ్లు చూస్తుండగా, ఒకరు ఆపిన చోట ఇంకొకరు మొదలుపెట్టి, చర్చి గుమ్మం దాకా తిడుతూ తీసుకెళ్లారు. నేను ముందు, సంచి నా చేతిలో, వాళ్లిద్దరూ వెనక.

అక్కాచెల్లెళ్లను కలిపింది నేనేనని నలభై ఏళ్లు చెప్పుకున్నాను. ఆలోచిస్తే పూర్తిగా కాదనలేను. కానీ ఆ లెక్కన పుంజుకు నాకంటే ఎక్కువ వాటా ఉంది.

బల్ల ముందు ఇద్దరూ పుంజు మీద చేతులు పెట్టారు. అమ్మ పేరు చెల్లెలు చెప్పింది. సంఘపెద్ద మళ్లీ వేలం వేశాడు, రైల్వే ఆయన పాడుకున్నాడు. నన్ను పాడనివ్వలేదు. గది చేరేసరికి నా స్నేహితుడు నూరిన మసాలా ముందు కూర్చుని ఉన్నాడు. దాన్ని ఆలుగడ్డల్లో వేశాం.

పాస్టరుగారు పల్లెలకు వెళ్లడం మానలేదు గాని, వాక్యం చెప్పమని నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. చాపలు పరిచే పని ఇచ్చారు. ఎమ్మే అయ్యేదాకా పరిచాను.

పెద్దమ్మ క్యాంపస్‌లో రోజూ ఎదురయ్యేది. చీపురు ఆపి, “సారూ, సంచిల ఏమున్నది?” అనేది. అందులో పుస్తకాలే ఉండేవి. అయినా ప్రతిసారీ తెరిచి చూపించేవాణ్ణి.