బావ మోకాళ్లకి అమ్మ రాసిన ఆముదం

ఈ సాయంత్రం ఆమదాలవలసలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే, దెబ్బ తగిలిన ఓ కుర్రాడి మోకాలికి ఎవరో వేడి ఆముదం రాశారు. ఆ వాసనకి నా చిన్ననాటి కుళ్లంతా మళ్లీ లేచింది.

మ్యాచ్ మా ఊరికీ అమ్మ పుట్టినూరికీ. అప్పుడూ ఆ రెండూళ్లకే పోటీ. మీకు గుర్తుందా, తోలు బంతికి సైకిల్ పంపుతో గాలి కొట్టి, మూతి దగ్గర తాడు బిగించి కట్టేవాళ్లం. తలతో కొడితే ఆ ముడి నుదుటి మీద అచ్చు పడేది. మా ఊరి గోల్‌కీపర్‌ని నేను. నా మీద గోల్స్ కొట్టేవాడు మా మేనమామ కొడుకు, బావ.

మ్యాచ్ అయ్యాక బావ మా ఇంటికే వచ్చేవాడు. అమ్మ ఇత్తడి గరిటెలో ఆముదం కాచి, "మా అన్న కొడుక్కి ఎన్ని దెబ్బలు తగిలీసాయో సూడు" అంటూ వాడి మోకాళ్లకి రాసేది. నేను దోక్కుపోయిన మోచెయ్యి చూపిస్తే, "నీకేటయినాదిరా, ఒక్కకాడ నిలబడే కదా ఉన్నావు" అనేది.

ఈరోజు మా ఊరే గెలిచింది. పక్కనే కూర్చున్న బావ మొహం మాడుతుందేమోనని ఆశగా చూశాను. వాడు మాత్రం ఆ వాసన పీల్చి, "అత్త సెయ్యి గుర్తొస్తన్నాదిరా. నాకైతే ఎప్పుడో ఓసారి. నీకు రోజూ రాసీది కాబోలు" అన్నాడు.

అమ్మ నాకు ఒక్కసారీ రాయలేదు.

"రోజూ రాసీది బావా" అన్నాను.