టాంకు మీద కొబ్బరి చిప్ప

పాత ఇనుము కొనే లారీ పొద్దున్నే వచ్చి మా ఇంటి ముందు ఆగింది. మా ఆయన పోయినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లుగా, షెడ్డులో కదలకుండా ఉన్న ట్రాక్టర్‌ను తూకానికి ఇచ్చేయాలని నా కొడుకు పట్టుదల. వాడిది ఉక్కు కర్మాగారంలో షిఫ్టు పని. దువ్వాడ అవతల మాకు మిగిలింది ఎకరం నేల. వాన పడింది, దున్నాలి. ఉన్న బండిని ఇనుముకిచ్చి అద్దె బండి కోసం ఊరంతా తిరగడం నాకు నచ్చలేదు. మధ్యాహ్నం తను డ్యూటీకి వెళ్లేలోగా స్టార్టయితే ఉంచుతానన్నాడు. లేకపోతే లారీ ఎక్కుతుంది.

వరసకు మేనల్లుడయ్యే మెకానిక్కును పిలిపించాను. ఇంజను చేత్తో తిప్పి చూశాడు, పట్టేయలేదు. గాలి పీల్చే గొట్టంలోంచి ఎలక గూడు లాగి పారేశాడు. తను తెచ్చిన బ్యాటరీ తగిలించి, టాంకు వైపు చూశాడు.

“అత్తా, ఇది పాత డీజిలు. తీసేసి కొత్తది పోద్దాం.”

“పారబొయ్యడానికి అదేటి గెడ్డలో పారే నీరా? సగం టాంకుంది. దాంతోనే సూడు.”

“బావా, మీ అమ్మలాటోళ్లు పదిమందుంటే పెట్రోలు బంకులు మూసుకోవాల” అని వాడు నా కొడుకుతో నవ్వాడు. నా కొడుకు నవ్వలేదు.

ఇన్నాళ్లూ కట్టి ఉన్న టాంకు కుళాయి మేనల్లుడు తెరిచి, తాళం తిప్పాడు. ఇంజను గురగురమంది, అంటుకోలేదు. డీజిలు గొట్టం బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి గాలి తీశాడు. బుడగలొచ్చాయి. మళ్లీ తాళం తిప్పాడు. మళ్లీ బుడగలే. తిప్పిన ప్రతిసారీ ఇంజను చప్పుడు నీరసపడుతోంది.

“ఇంకెంతసేపు బావా? నాకు టైమైపోతంది.”

“గాలి ఎక్కణ్ణించి లాగతందో తెలట్లేదు. బ్యాటరీకి ఇంకొక్కసారికే ఓపికుంది.”

లారీవాడు గొలుసు కిందికి దించాడు.

నేను దగ్గరకెళ్లి, కారుతున్న డీజిలు అరచేతిలో పట్టాను. చమురు అడుగున గుండ్రంగా బొట్లు జారుతున్నాయి. దీపం కుందిలో చుక్క నీరు పడితే ఇలాగే ఉంటుంది. గాలి బుడగ అయితే పగిలిపోవాలి. ఇది పగల్లేదు.

అప్పుడు నా చూపు టాంకు మీదికెళ్లింది. దాని మూత ఏనాడో పోయింది. కొత్తది కొనడం దేనికని గుడ్డముక్క కుక్కి, పైన కొబ్బరి చిప్ప బోర్లించాను. ఆయుధపూజ మానకూడదని ప్రతి దసరాకూ బండిని నిండు బిందెలతో కడిగి, కోడలి చేత పసుపు కుంకుమ పెట్టించాను. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

కొడుకు ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. మేనల్లుడి చెయ్యి మళ్లీ తాళం మీదికి వెళ్లింది.

“ఆగు. అది గాలి కాదు, నీరు. నానే పోశాను.”

“ఏటమ్మా?” అన్నాడు కొడుకు. చెప్పాను.

“తానం సేయించమంటే తాగించేసావేటత్తా!” అన్నాడు మేనల్లుడు.

టాంకు అడుగు బిరడా విప్పితే బక్కెట్టులోకి ముందుగా తుప్పు నీళ్లే దిగాయి.

“మొత్తం తీసెయ్” అన్నాను.

ఫిల్టరు మార్చి, కొత్త డీజిలు పోసి, బుడగ రాకుండా పోయేదాకా పంపు కొట్టాడు. తాళం తిప్పాడు. ఇంజను బరువుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఆగిపోబోయింది. నేను చక్రం మీది రేకును గట్టిగా పట్టుకున్నాను. గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారిగా ఎగిసింది, చేతి కింద రేకు అదిరింది.

లారీవాడు గొలుసు చుట్టుకుని వెళ్లిపోయాడు. నా కొడుకు బూట్లు వేసుకుని గేటు దగ్గర ఆగాడు.

“వచ్చినప్పుడు టాంకు మూత తెత్తాను. పాత సామాన్ల కొట్లో సూడమంటావేటి?”

“కొత్తదే తే” అన్నాను.

చిప్ప మాత్రం పారేయలేదు. ఇప్పుడందులో గ్రీజు పెట్టుకుంటున్నాం.