నిద్రపోతున్న అన్న బొమ్మ

మొదటి రోజు క్లాసులోనే మా డ్రాయింగ్ సార్ ఒకబ్బాయి వేళ్లు వాచిపోయేలా కొట్టాడు. ఆ అబ్బాయి చేసిన తప్పల్లా వంకరపోయిన గీతను రబ్బరుతో తుడవడం. "నా క్లాసుల రబ్బరు ముట్టొద్దని జెప్పిన్నా లేదా?" అంటూ సార్ చెక్క స్కేలును నిలువుగా పట్టి, అంచు తగిలేలా కణుపుల మీద వేశాడు. స్కేలు విరిగింది. అబ్బాయి ఏడవలేదు. చేతిని చంకలో దాచుకుని తల వంచుకున్నాడు. సార్ విరిగిన ముక్కను కిటికీలోంచి విసిరేసి, సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క ఊపులో గీత లాగాడు. అంత తిన్నని గీత ఉత్త చేత్తో గీయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. పారిపోవాలనిపించింది. ఆ గీత నేర్చుకోకుండా పోకూడదనీ అనిపించింది.

అది ఎనభైల చివరి మాట. సిద్దిపేటలో ఒక కాలేజీ వాళ్లు ఏడాది డ్రాయింగ్ కోర్సు కొత్తగా పెట్టారు. అది పాసైతే బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగానికి దారి దొరుకుతుందని చెప్పుకునేవారు. ఇంటర్ అయ్యాక నన్ను డిగ్రీకి పంపనన్న అన్న, ఈ కోర్సుకు మాత్రం ఎందుకో ఒప్పుకున్నాడు. బహుశా బొమ్మలంటే ముగ్గుల్లాంటివే అనుకుని ఉంటాడు.

మా నాయిన పోయాక ఇంటికీ, బజారులోని స్టీలు సామాన్ల దుకాణానికీ అన్నే పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దవాడు. చెయ్యి చాలా తొందరగా లేచేది. దుకాణంలో బిందె జారవిడిచిన పనివాణ్ని అదే బిందెతో కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని వదినను కొట్టేవాడు, తక్కువైందనీ కొట్టేవాడు. నన్ను తలమీద మొట్టేవాడు, జడ పట్టి లాగేవాడు. అమ్మ మా మధ్యకు వచ్చేది కాదు. "మొగోడు, కోపం ఉంటది" అనేది. ఆ మాట అన్నాక వంటింట్లోకి పోయి గిన్నెలతో గట్టిగా చప్పుడు చేసేది.

కాబట్టి సార్ స్కేలు నాకు కొత్తేమీ కాదు. ఆడపిల్లల్ని ఆయన కొట్టేవాడు కాదు. మా కాగితాలు చింపేవాడు. రోజంతా కష్టపడి గీసిన బొమ్మను రెండు ముక్కలు చేసి, "మళ్ల గియ్యి" అని ఒడిలో పడేసేవాడు. ఆ చింపుడు కూడా దెబ్బలాగే తగిలేది. కానీ ఆయన చెప్పేది మాత్రం పొల్లు పోయేది కాదు. గీత మణికట్టులోంచి కాదు, భుజంలోంచి రావాలనేవాడు. పెన్సిలు పట్టుకుని చెయ్యి చాపి, ఒక కన్ను మూసి కొలవడం నేర్పాడు. ఇటుకను బల్లమీద పెట్టి, దాని వెలుగు వైపు, నీడ వైపు, ఆ రెండింటి మధ్యన ఉండే ఎటూ కాని వైపూ చూపించాడు. "ఇటుక అని గియ్యకున్రి. మీకు తెల్సింది పక్కకు వెట్టి, కనవడ్డది గియ్యున్రి" అనేవాడు.

చలికాలంలో మనుషుల బొమ్మలు మొదలయ్యాయి. క్లాసులో ఒకరినొకరం కొంత గీశాక, ఇంట్లో ఎవరినైనా కదలకుండా ఉన్నప్పుడు చూసి గీసుకురమ్మన్నాడు సార్. మా ఇంట్లో కదలకుండా ఉండే మనుషులే లేరు. వదిన పొద్దుటి నుంచి పరుగులే. అమ్మ నా ముందు కూర్చోవడానికి సిగ్గుపడింది. ఆదివారం మధ్యాహ్నం అన్న భోంచేసి, చొక్కా విప్పి, నడింట్లో చాప మీద పడుకున్నాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టాను.

అన్నను అంతసేపు చూడటం అదే మొదటిసారి. మెలకువగా ఉన్నప్పుడు ఆయన చేతుల్నే చూసేదాన్ని, ఎటు లేస్తాయో అని. నిద్రలో ఆ చేతులు తెరుచుకుని వెల్లకిలా పడి ఉన్నాయి. నోరు కొంచెం తెరిచి ఉంది. మెడ కింద చర్మం అప్పుడే వదులవుతోంది. నాయిన పడుకున్నట్టే పడుకున్నాడు, ఒక మోకాలు మడిచి. గీస్తున్నంతసేపూ నాకు భయం వేయలేదు. మెలకువ వస్తే ఏమవుతుందో కూడా తట్టలేదు. పొట్ట మీది మడతల దగ్గర నీడ వేస్తుండగా అన్న కళ్లు తెరిచాడు.

"ఏంది గది?"

"క్లాసుకు సార్ గీసుకరమ్మన్నడు."

లేచి కాగితం లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదట కోపం లేదు, గుర్తుపట్టలేనట్టు చూశాడు. తర్వాత మెడ ఎర్రబడింది.

"బట్టల్లేకుంట పండుకున్నోన్ని గీసి మొగపోరగాండ్లకు సూపెడ్తవా? నన్ను పీనుగ లెక్క గీస్తవా?"

కాగితాన్ని నలిపి నా ముఖం మీద కొట్టాడు. గోడకున్న చిలక్కొయ్య నుంచి బెల్టు తీశాడు. మొదటి దెబ్బ మెడ మీద పడింది, రెండోది చెయ్యి అడ్డం పెడితే మోచేతి కింద పడింది. వదిన పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంటే ఆమెను విదిలించాడు. ఆమె తలుపు అంచుకు కొట్టుకుంది. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతూనే ఉంది.

మరునాడు నిండు చేతుల జాకెట్టు వేసుకుని క్లాసుకు పోయాను. డ్రాయింగ్ బోర్డు మీదకు వంగినప్పుడు చెంగు జారింది. సార్ నా వెనకే నిలబడి ఉన్నాడు.

"మెడ మీద ఏంది?"

"మెట్ల మీద పడ్డ సార్."

"పడితె దెబ్బ గుండ్రంగ కములుతది. గది గీత. రెండంచులు సాఫ్‌గ ఉన్నయి. బెల్టు గది. ఎవలు?"

నేను చెంగు పైకి లాక్కున్నాను. మా అన్న చెయ్యి ఎలాంటిదో, మా దుకాణం ఎక్కడుందో ఊళ్లో అందరికీ తెలుసు. సార్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టి, సుద్ద దులుపుకుని బయటికి నడిచాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై నేను వెంట పరుగెత్తాను. దారి పొడుగునా "వద్దు సార్" అంటూనే ఉన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

అన్న గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. సార్ మెట్లెక్కి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా అన్న చెంప మీద కొట్టాడు. క్లాసులో కొట్టినట్టే, తప్పు చేసిన పిల్లవాణ్ని కొట్టినట్టే కొట్టాడు.

"ఇంకోసారి ఆ పిల్ల మీద చెయ్యి లేపితె ఇరగ్గొడ్త" అన్నాడు.

అన్న చెంప పట్టుకుని లేచాడు. "నువ్వు మంది పిల్లలను కొడ్తలేవా? మా దుకాండ్ల పనిచేసేటోని తమ్ముని వేళ్లు వాపిచ్చింది నువ్వు గాదా? నీకో న్యాయం, నాకో న్యాయమా?"

సార్ తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ క్షణంలోనే అన్న చేతికందిన స్టీలు చెంబుతో ఆయన ముఖం మీద మోదాడు. సార్ మెట్ల మీద నుంచి రోడ్డు మీద పడ్డాడు. అన్న దిగి కాలితో తన్నాడు. దుకాణం పనివాళ్లు కూడా దిగారు. వాళ్లను రోజూ కొట్టేది అన్న, కానీ వాళ్లు తన్నింది సార్‌ను. నేను మధ్యలో దూరితే ఎవరిదో మోచెయ్యి నా నోటికి తగిలింది. పక్క దుకాణాల వాళ్లు వచ్చి విడదీసేసరికి సార్ చొక్కా నిండా నెత్తురు. ఊడిన పన్ను ఒకటి అరచేతిలో పట్టుకున్నాడు. ఎవరో రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయారు.

ఇక ఆ క్లాసు జరగదనుకున్నాను. ఒకరోజు విడిచి కాలేజీకి పోతే, సార్ నల్లబల్ల ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెంప ఉబ్బి చెవి దాకా పాకింది. పెదవి మీద కుట్లు. ఎవరూ కూర్చోవడం లేదు.

"నిలవడ్డరేంది? బోర్డులు వెట్టున్రి" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "ఇయ్యాల నన్నే గియ్యున్రి. రెండు దిక్కుల ముఖం ఒక్క తీర్గ ఉండదని ఎన్నిసార్లు జెప్పినా మీకు ఎక్కలే. ఇప్పుడు సూడున్రి. ఎత్తు ఏడుందో, పల్లం ఏడుందో, నీడ ఏడ వడ్తుందో."

కిటికీ వైపు ముఖం తిప్పి కదలకుండా కూర్చున్నాడు. పెన్సిళ్లు గీరడం మొదలైంది. ఆ వాపును గీయాలంటే దాన్ని చూడాలి. చూస్తే మా అన్న చెయ్యి కనబడుతోంది. చివరికి ఒక కన్ను మూసి, పెన్సిలు చాపి కొలిచాను. కొలవడం మొదలుపెట్టాక అది ఎవరి ముఖమో మరిచిపోయాను. అలా మరిచిపోయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆపలేదు.

మొదటి రోజు దెబ్బలు తిన్న అబ్బాయి అందరికంటే ముందు పూర్తి చేశాడు. మూసుకుపోయిన కంటి దగ్గర కాగితం చిరిగేంత ఒత్తి నలుపు పెట్టాడు. బొమ్మ చూపించేటప్పుడు వాడి ముఖంలో దాచుకోలేని సంతోషం ఉంది. సార్ ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు.

"గట్టిగ ఒత్తినవ్" అన్నాడు. "తప్పు లేదు. చీకటి గంతే ఉంది."

ఆ తర్వాత సార్ కొన్నాళ్లు ఎవరినీ కొట్టలేదు. వాపు తగ్గాక మళ్లీ స్కేలు పట్టాడు. కానీ దాని అంచుతో కొట్టడం మానేశాడు. ఆ అబ్బాయిని మాత్రం ఇంకెప్పుడూ కొట్టలేదు.

దుకాణం ముందు గొడవైన వారంలోనే అన్న నన్ను క్లాసు మానిపించాడు. నా బోర్డు, టీ ఆకారంలో ఉండే పొడుగాటి చెక్క బద్ద అటక మీద పడేశాడు. వాటిని వదిన దించింది. అన్న దుకాణానికి పోగానే నా చేతిలో పెట్టి, "నేను ఈడ జూస్కుంట, నువ్వు పో" అనేది. తలుపు అంచుకు తగిలిన చోట ఆమె నుదుటి మీద ఇంకా పసుపు రంగు మచ్చ ఉంది. దొంగతనంగా పోయి, దొంగతనంగా వచ్చేదాన్ని. ఆ రోజుల్లోనే నా గీత తిన్నగా రావడం మొదలైంది.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి అన్న ఇంట్లో ఉన్నాడు. ఎవరో చెప్పారట. నా కోసం ఆగలేదు, అప్పటికే వదినను పట్టుకున్నాడు. ఆమె జుట్టు ఎడమ చేతికి చుట్టుకుని, కుడిచేత్తో బెల్టు ఆడిస్తున్నాడు. ఆమె అరవడం లేదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఊపిరి మాత్రం బయటికి వస్తోంది.

"అన్నా, ఇడ్సిపెట్టు."

"నీ వంతు వస్తది. ఆగు."

నా చేతిలో ఆ చెక్క బద్ద ఉంది. రెండు చేతులా పట్టుకుని, భుజాల్లోంచి ఊపి కొట్టాను. అడ్డకర్ర ఉన్న కొస ఆయన కనుబొమ మీద పడింది. చర్మం విచ్చుకుంది. నెత్తురు వెంటనే రాలేదు, తెల్లగా కనిపించి తర్వాత వచ్చింది. అన్న వదినను వదిలేసి రెండడుగులు వెనక్కి వేసి కూలబడ్డాడు. నేను మళ్లీ ఎత్తాను. కొట్టాలని ఉంది. ఆయన చేతులు తలకు అడ్డం పెట్టుకోవడం చూస్తే ఇంకా కొట్టాలనిపించింది. ఆయన ఇన్నేళ్లూ ఎందుకు ఆపలేకపోయాడో ఆ క్షణంలో నాకు నా చేతుల్లో తెలిసింది. వదిన వచ్చి బద్ద పట్టుకుంది.

"సాలు" అంది. "సాలు, నువ్వు గూడ గట్ల గాకు."

అప్పుడు వచ్చింది అమ్మ వంటింట్లోంచి. కొడుకు నెత్తురు చూసి నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టింది. "అన్న మీద చెయ్యి లేపుతవా? నా ఇంట్ల ఉండకు, పో."

దుబ్బాకలో ఉన్న చిన్నమ్మ ఇంటికి పోయాను. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడుకు మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ప్రతి చప్పుడూ దెబ్బలాగే వినిపించేది. రోజూ బస్సులో సిద్దిపేటకు పోయి క్లాసు అయ్యాక తిరిగి వచ్చేదాన్ని. సార్ నేను గీసిన కుండ బొమ్మ ఒకటి చింపకుండా పక్కన పెట్టాడు.

పరీక్ష అయ్యాక అన్న దుబ్బాక వచ్చాడు. కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని గాటు. చిన్నమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, నేల చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మ రమ్మంటుంది" అన్నాడు.

"నువ్వేమంటవ్?"

"నేనేమంట? రా."

"వదినను కొడ్తే నేను ఊకోను."

"తెల్సు" అన్నాడు. మాట వినబడీ వినబడనట్టు అన్నాడు.

ఆయన వెంటే ఇంటికి పోయాను. అన్న మారిపోయాడని చెప్పలేను. ఆ తర్వాత కూడా వదినను కొట్టాడు, నేను ఊళ్లో లేనప్పుడు. కానీ బెల్టు మళ్లీ తీయలేదని వదిన చెప్పింది. దాన్ని ఆమె ఒక మెరుగుగానే చెప్పింది. నేను పాసై, ఇంకో ఊళ్లో బడిలో చేరాను.

మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వదిన పని అంతా ముగించుకుని నా ముందు కూర్చుంది. "నన్ను గియ్యి" అంది. ఎటు చూడాలో తెలియక చేతులు చూసుకుంది. కిటికీ వైపు తిరగమన్నాను. సగం గీసేసరికి అన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వదిన లేవబోయింది.

"కదలకు" అన్నాను.

ఆమె కదల్లేదు. అన్న కాసేపు చూసి, చెప్పులు విడిచి, గోడ పక్క నుంచి వంటింట్లోకి పోయాడు. కుండలోంచి నీళ్లు ముంచుకుంటున్న చప్పుడు వినిపించింది. వదిన మెడ నరం బిగుసుకుంది. నేను చూస్తుండగానే అది మెల్లగా సడలింది.